నేను మేనేజర్‌ని ఎలా అయ్యానంటే

వానెటా ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? మూడో వరుసలో కూర్చుంది, నీలం కోటు, ఒళ్ళో చేతిసంచి, పక్కన ఎవరో అమ్మాయి. తొమ్మిదేళ్ళలో జుట్టు పూర్తిగా తెల్లబడింది కానీ కూర్చునే తీరు మారలేదు, వీపు కుర్చీకి ఆనదు, ఎవరో ఇప్పుడే పేరు పెట్టి పిలుస్తారన్నట్టు ఉంటుంది. నేనేమో గోడవారగా వేసిన మడతకుర్చీల్లో చివరిదాంట్లో ఉన్నాను, మాట్లాడబోయేవాళ్ళ వరుసలో, మెడలో అట్టముక్క, దానిమీద నా పేరు డ్రీమా స్టేపుల్టన్, కింద కోడింగ్ మేనేజర్ అని. ఆమెను చూడగానే ఆ అట్టను తిప్పేశాను. వెనకవైపు తెల్లగా ఉంది, ఇంకా అనుమానంగా ఉంది, మళ్ళీ ఇటు తిప్పాను. కాలేజీ వాళ్ళ బాస్కెట్‌బాల్ హాలు ఇది, పైన పెద్ద ఫ్యాన్లు, కింద రెండు వందల మంది పిల్లలు, ఏ చదువు చదివితే ఈ కొండల్లోనే ఉద్యోగం దొరుకుతుందో చెప్పడానికి మమ్మల్ని పిలిచారు. గనులు మూతపడ్డాక కెంటకీలో ఈ మూల మిగిలింది ఆసుపత్రి, బడి, జైలు. పది గంటలకు మొదలు, మనిషికి పావుగంట. ముందు వెల్డింగు, తర్వాత పళ్ళ ఆసుపత్రి, తర్వాత శవాలను ఖననానికి సిద్ధం చేసే ఆయన, ఆ తర్వాత నేను. శవాల తర్వాత నేనని పొద్దున కాగితం చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు వెల్డింగు మాస్టారు ముసుగు ఎత్తి దించి చూపిస్తున్నాడు, ఆ ముసుగు నాకిస్తే బాగుండు. ఇంకా ముప్పావుగంట ఉంది, కడుపులో నొప్పని చెప్పి చల్లగా జారుకోవచ్చు. కానీ తలుపుకు వెళ్ళాలంటే మూడో వరుస పక్కనుంచే వెళ్ళాలి.

నాకు ఆ పని నేర్పింది ఆమే. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆసుపత్రి నేలమాళిగలో చార్టులు మోసే పనికి చేరాను, చార్టంటే అప్పుడు కాగితాల కట్ట, లావుపాటి రోగులకు లావుపాటి కట్ట అనుకునేదాన్ని, అలాంటిదాన్ని. ఇరుకుగా ఉన్న ఆ గదిలో, పైపుల కింద, వానెటా రాట్లిఫ్ ఒక్కతే బల్ల ముందు కూర్చుని ఒక్కో మనిషి జబ్బునీ అంకెల్లోకి మార్చేది, మా ఆసుపత్రుల్లో కోడింగ్ అంటే అదే. విరిగిన ఎముకకు ఒక అంకె, ఎక్కడ విరిగిందో దానికి ఇంకో అంకె, ఎడమా కుడా అనేదానికి మరొకటి, చెట్టు మీంచి పడ్డాడా ట్రక్కు మీంచి పడ్డాడా అనేదానికి కూడా ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళు మనిషిని చూడరు, ఆ అంకెల్నే చూస్తారు. మధ్యాహ్నం తన డబ్బాలో చిక్కుడుగింజల కూరా మొక్కజొన్న రొట్టే సగం నా మూతలో పెట్టి, పుస్తకం తెరిచి, ఇక్కడ ఏముందో చదువు పిల్లా, నీకేమనిపిస్తోందో నాకక్కర్లేదు, ఏం రాసుందో చదువు అనేది. డాక్టరు రాత అర్థం కాకపోతే ఊహించకు, ఆయన్నే అడుగు, ఒక ప్రశ్న రాసి చార్టుకి పెట్టు, జవాబొచ్చేదాకా చార్టు కదలనివ్వకు, ఆయన ఎంత పెద్దవాడైనా సరే, రోజుకు పదిసార్లు చెప్పేది. నాకు విసుగొచ్చేది. ఈ ముసలమ్మకి చాదస్తం అని గుమస్తాలతో అన్నాను కూడా, అప్పటికి ఆమెకు నలభై ఒకటి. ఇప్పుడు నాకు నలభై అయిదు, నా కింద పనిచేసే పిల్లలకి నేను అదే మాట చెప్తున్నాను. చెప్తున్న ప్రతిసారీ నాలుక మీద ఏదో చేదు తగులుతుంది. వాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు.

వెల్డింగాయన దిగాడు, చప్పట్లు. పళ్ళమ్మాయి ఎక్కింది, పెద్ద ప్లాస్టిక్ దవడ తెచ్చింది. తొమ్మిదేళ్ళ కిందటి ఆ శుక్రవారం నాకు జ్వరం లేదు, తలనొప్పి లేదు, ఎవరూ బెదిరించలేదు, అలాంటిది ఏదైనా ఉందా అని తొమ్మిదేళ్ళుగా వెతుక్కుంటున్నాను, లేదు. నేనప్పుడు ఏడుగురు కోడర్లకు పెద్దని, మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది, నెలాఖరు. నెలాఖరున పూర్తికాని చార్టుల జాబితా పైవాళ్ళకి వెళ్తుంది, అది ఎంత పొట్టిగా ఉంటే నేను అంత సమర్థురాలిని. మధ్యాహ్నం మూడింటికి ఆ జాబితాలో పదకొండు మిగిలాయి. పదింటిని సరిగ్గానే ముగించాను. పదకొండోది ఎస్టెప్ అనే ఆయనది, చక్కెర జబ్బుతో రెండు కాలివేళ్ళు తీసేశారు. వానెటా పేరు మీద ఉంది, ఆపి ఉంచింది, సర్జన్‌కి ప్రశ్న రాసింది. ఆయన నోట్సులో ఒకచోట ఎడమ అని, ఇంకోచోట కుడి అని ఉంది. సర్జన్ ఊళ్ళో లేడు, సోమవారానికి గానీ రాడు. వానెటా ఆ వేళ సెలవు. రెండు రోజులు ఆగాలి, అంతే. సోమవారం దాకా ఆగితే జాబితాలో ఒకటి ఉంటుంది, ఒకటి ఉంటే ఏమవుతుంది, ఏమీ కాదు, ఒకటికి ఎవరూ ఏమీ అనరు. కానీ సున్నా అనేది ఎంత ముద్దొచ్చింది నాకు! రోగి చేరినప్పుడు నర్సు రాసిన కాగితంలో ఎడమ అని ఉంది. ఎడమే అయ్యుంటుందిలే అనుకున్నాను. కంప్యూటరు తెరమీద ప్రశ్న పక్కన వెనక్కి తీసుకో అని ఒక మీట ఉంటుంది, అది నొక్కాను, ప్రశ్న మాయమైంది, చార్టు వెళ్ళిపోయింది. నొక్కిన వేలు ఇదే. ఇప్పుడు ఈ కాగితం చివర పట్టుకుని మడతపెట్టి విప్పుతున్న వేలు.

కుడికాలట. ఎస్టెప్ ప్రత్యేకమైన బూటు కోసం దరఖాస్తు పెడితే, నీకు కోసింది ఎడమకాలు కదా, కుడికాలికి బూటెందుకు అని ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పి పంపారు. ఆయన కర్ర పట్టుకుని మా కిటికీ దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని, కట్టు కట్టిన కాలు పైకి పెట్టి, ఇదిగో చూడండమ్మా, ఇది ఏ కాలో మీలో చదువుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి అన్నాడు. గదిలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సమయానికి అలా నవ్వగలిగాను. ఆ తర్వాత బయటివాళ్ళు వచ్చి మచ్చుకు కొన్ని చార్టులు తీసి తనిఖీ చేశారు. వందకు తొంభై అయిదు సరిగ్గా ఉండాలి, వానెటాకు ఆ మూడు నెలలు అంతంతమాత్రంగానే వచ్చాయి, కొత్త కంప్యూటరుతో కుస్తీ పడుతోంది అప్పుడు, ఈ ఒక్కటీ కలిసేసరికి గీత కిందకి జారింది. తనిఖీ కాగితంలో చార్టు ఎవరి పేరు మీద ఉందో అదే పడుతుంది, చివర ముట్టుకున్నదెవరో పడదు. అది తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కతినే. డైరెక్టరు పిలిచారు, వానెటా నిలబడింది, నేను ప్రశ్న రాశానండీ, ఆపి ఉంచానండీ, నాకు బాగా గుర్తుంది అంది. ఆయన నావైపు తిరిగి, నువ్వు చూశావా అన్నారు. చూశానండీ, చార్టులో ప్రశ్నేమీ లేదు అన్నాను. అబద్ధం కూడా కాదు, నిజంగానే లేదు. చార్టులో లేనిది లేనట్టే, మా పనిలో మొదటి పాఠం అదే, దాన్ని ఆమెకే అప్పజెప్పాను. ఆమె నా మొహం వంక చూసింది. కోపంగా చూసుంటే బాగుండేది. ఏదో మెట్టు ఉందనుకుని కాలు పెడితే అక్కడ లేనప్పుడు మనిషి చూసే చూపు అది. వారం తిరక్కముందే తనే రాజీనామా ఇచ్చేసింది. చివరి రోజు నేను ఆపిల్ పొరల కేకు చేసుకెళ్ళాను, ఏడు పొరలు, రాత్రి రెండింటిదాకా కూర్చుని చేశాను. సిగ్గులేనిదాన్ని. రెండు నెలలకు నన్ను మేనేజర్‌ని చేశారు. జాబితాను సున్నాకు తెచ్చినందుకు అని కాగితంలో రాశారు.

పళ్ళమ్మాయి బ్రష్షులు పంచుతోంది, పిల్లలు ఎగబడుతున్నారు, వరుసలు చెదిరిపోయాయి. ఇందాకటినుంచీ నేలమీది ఎర్రగీతనే చూస్తున్నాను, తల ఎత్తితే మూడో వరుస ఖాళీ. వెళ్ళిపోయిందనుకుని ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చానో.

"కొంచెం జరుగు పిల్లా. మేనేజరమ్మవయ్యాక కూర్చోనివ్వవా ఏమిటి?"

పక్కనే ఉంది. "మిస్ వానెటా," అన్నాను, అంతే.

"గుర్తుపట్టావే! పోయిన వేసవిలో కిరాణా కొట్లో నన్ను చూసి పిల్లుల తిండి అమ్మే వైపు దూరావుగా. నీ ఇంట్లో పిల్లి కూడా లేదు." నవ్వుతోంది. ఆ నవ్వులో ముల్లు లేదు, వెతికాను, లేదు. "సరేగానీ, అదిగో, బ్రష్షుల దగ్గర కొట్టుకుంటోందే, అది బ్రిన్లీ, నా కూతురి కూతురు. ఈ కోడింగు కోర్సులో చేరతానని మొండికేసింది. నువ్వు మాట్లాడతావని తెలిసి తీసుకొచ్చా. నా మాట వినదు, నీ మాట వింటుంది. వద్దని చెప్పు."

"వద్దని ఎందుకు? మీ మనవరాలు కదా, మీ చెయ్యే వచ్చుంటుంది."

"అందుకే వద్దంటున్నా," అని గొంతు తగ్గించింది. "మా అమ్మ సంగతి నీకు తెలుసుగా, అరవై నిండకుండానే మతి పోయింది. ఎట్లా మొదలైందనుకున్నావు? చెయ్యనివి చేశానంటూ మొదలైంది. కోళ్ళకి గింజలేశానంటుంది, వెయ్యదు. ఉత్తరం పోస్టులో వేశానంటుంది, అది దిండు కిందుంటుంది. ఒట్టేసి చెప్పేది పాపం. ఎస్టెప్ చార్టు దగ్గర నాక్కూడా సరిగ్గా అదే అయింది. ఆ ప్రశ్న రాసినట్టు నాకు కళ్ళకి కట్టినట్టుంది డ్రీమా, బైబిలు మీద చెయ్యేసి చెప్పేదాన్ని. తీరా చూస్తే అక్కడేం లేదు. నువ్వే చూశావుగా."

నేనే చూశాను. అవును.

"డాక్టరు దగ్గరికి వెళ్ళారా?" ఆ గొంతు నాదేనా, అంత మర్యాదగా, అంత సానుభూతిగా.

"ఏడాదికోసారి పోతా. గడియారం బొమ్మ వెయ్యమంటాడు, వేస్తా. అయిదు మాటలు చెప్పి మళ్ళీ చెప్పమంటాడు, చెప్తా. బాగానే ఉందంటాడు. మా అమ్మకీ మొదట్లో బాగానే ఉందన్నారు. తొమ్మిదేళ్ళుగా ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నా. దీని తమ్ముడు పుట్టినప్పుడు వాడిని ఒక్క పూట నా ఒక్కదాని దగ్గర వదలనివ్వలేదు, నీళ్ళు పోస్తూ తొట్టిలో మర్చిపోతానేమోనని. ఇది మా రక్తంలోనే ఉంది. కోడింగు తలతో చేసే పని, ఆ తల మీదే మాకు నమ్మకంలేదు. నలుగురిలో నిలబడి నాకు గుర్తుందండీ అని చెప్పి, కాదనిపించుకోవడం నేను పడ్డా, చాలు. చేతులతో చేసేదేదైనా నేర్చుకోమను."

ఆ అమ్మాయి నాలుగు బ్రష్షులు ఊపుకుంటూ వచ్చింది, సన్నటి మనిషి, వానెటా గడ్డమే. "అమ్మమ్మా, నీకు గులాబీరంగుది! మీరేనా డ్రీమా? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో గట్టిపిండం అదొక్కతే అంటుంది మీ గురించి." నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళిద్దరూ వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నారు. వెళ్తూ వానెటా నా భుజం తట్టింది, చెప్తావుగా అన్నట్టు.

శవాల పని చేసే నల్లకోటు ఆయన ఎక్కాడు. మా దగ్గరికొచ్చినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు అన్నాడు, పిల్లలు పగలబడి నవ్వారు. పావుగంట. నేను తీసుకున్నది ఉద్యోగం అనుకున్నాను. తొమ్మిదేళ్ళూ అలాగే అనుకుంటూ, ఉద్యోగమేగా, ఎలాగూ మూడునాలుగేళ్ళలో మానేసేది, కంప్యూటరుతో పడలేకపోతోంది, నేను కాకపోతే ఇంకొకటి జరిగేది అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ, కిరాణా కొట్లో పిల్లుల తిండి వైపు దూరుతూ, క్రిస్మస్‌కి కార్డు పంపుతూ, అవును, కార్డు కూడా పంపాను ప్రతి ఏడూ. ఆమె ఏమో అన్నేళ్ళూ పొద్దున లేచి తన మనసు తన దగ్గర ఉందో లేదో తడుముకుని చూసుకుంటోంది. నేను తీసుకున్నది అది. ఇప్పుడేం చెయ్యాలి, కార్ల దగ్గర పట్టుకుని మెల్లగా చెప్పొచ్చు, అక్కడ ఎవరూ వినరు. ఉత్తరం రాయొచ్చు. లేదా, ఇదింకా బాగుంది, కంప్యూటరు మీద తోసెయ్యొచ్చు. ఆ ఏడాది కొత్త కంప్యూటరు కొన్ని ప్రశ్నల్ని మింగేసింది, మాకు తర్వాత తెలిసింది, మీ ప్రశ్న కూడా అందులో పోయుంటుంది మిస్ వానెటా. ఎంత చక్కగా ఉంది! ఆమె తల ఆమెకు తిరిగొస్తుంది, నా పేరు నాకుంటుంది, బ్రిన్లీ కోర్సులో చేరుతుంది, కంప్యూటరుకి సిగ్గుండదు. మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను, ఎక్కడ నవ్వాలో కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పడం నాకు ఎంత బాగా వచ్చో అప్పుడు చూశాను, కష్టపడనక్కర్లేదు, చక్కటి దస్తూరీలా దానంతట అది వచ్చేస్తుంది. నల్లకోటు ఆయన ముగించేశాడు. నా పేరు పిలిచారు.

తెరమీద నా మొదటి బొమ్మ పడింది, మెట్లు, మెట్టుమెట్టుకీ ఒక పదవి. కోడర్, సీనియర్ కోడర్, తనిఖీ, మేనేజర్, పైమెట్టు మీద ఒక జెండా. మైకు ఎత్తు ఎక్కువైంది, వంచాను, కీచుమంది. నేను మేనేజర్‌ని ఎలా అయ్యానో చెప్తాను అన్నాను, పొద్దున కాగితం మీద రాసుకున్న వాక్యమే అది. కాగితం ప్రకారం ఆ తర్వాత పట్టుదల అని ఉంది. అది వదిలేసి, ఈ పనిలో ఎంత మంచివాళ్ళకైనా అన్యాయం జరగొచ్చు, మా ఆసుపత్రిలో ఒకసారి కంప్యూటరు ఒక ప్రశ్నను మింగేసింది అన్నాను. వానెటా తల పైకెత్తింది. ఆ మొహంలోకి ఏదో రావడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, తలుపు సందులోంచి వెలుతురు వచ్చినట్టు, చెయ్యి మనవరాలి మోకాలి మీద పడింది, పెదవులు కదిలాయి, కంప్యూటరా అంటోంది, నాకు వినపడలేదు గానీ తెలిసింది. సరిపోతుంది ఇక్కడితో, ఆపెయ్ డ్రీమా అనుకున్నాను. ఆమెకు సంతోషం, నాకు క్షేమం. కానీ ఆమె నావైపు చూస్తున్న తీరు, అబ్బ, కృతజ్ఞతతో చూస్తోంది. నాకు కృతజ్ఞత చెప్తోంది. అది మాత్రం నేను తీసుకోలేకపోయాను. ఇన్ని తీసుకున్నదాన్ని, అదొక్కటీ తీసుకోలేకపోయాను.

"కంప్యూటరు కాదు," అన్నాను. "నేను."

ఆ తర్వాత ఎలా చెప్పానో వరుస గుర్తులేదు. శుక్రవారం, మూడింటికి, పదకొండు చార్టులు, సున్నా కావాలనిపించడం, మీట, ఎడమ. డైరెక్టరు గదిలో నేనన్న మాట. మీ పేరు ఈ పిల్లలకి చెప్పను అనుకుంటూనే మిస్ వానెటా అని పిలిచేశాను. నన్ను పిలిచిన కాలేజీ ఆవిడ లేచి నిలబడింది, ఫైలు గుండెకి ఆనించుకుని, ఆపాలో వద్దో తెలియక. పిల్లల్లో ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. రేపటికి ఇది ఆసుపత్రికి చేరుతుంది, చేరనీ. చెప్పేశాక తేలికవుతుందంటారు. నాకేం తేలిక కాలేదు, రెండు వందల మంది ముందు గుడ్డలిప్పి నిలబెట్టినట్టుంది, భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

వానెటా లేచింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది. "ప్రశ్న రాశానా నేను?"

"రాశారు."

"ఏమని రాశాను?"

నాకు అక్షరం అక్షరం తెలుసు, తొమ్మిదేళ్ళుగా నిద్రలోనూ తెలుసు. "డాక్టరు గారూ, మీ నోట్సులో ఒకచోట ఎడమ పాదమని, ఇంకోచోట కుడి పాదమని ఉంది. దయచేసి ఏది సరైనదో చెప్పగలరు. ఇట్లు, వానెటా రాట్లిఫ్."

"దయచేసి అని రాశానా," అంది, తనలో తనే. "రాస్తాను. నేనట్లాగే రాస్తాను." బ్రిన్లీ ఏడుస్తోంది, అమ్మమ్మ కోటు పట్టుకుని లాగుతోంది, కూర్చో అమ్మమ్మా అంటోంది. ఆమె కూర్చోలేదు. తిట్టబోతోందనుకుని తల వంచాను, తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆమె గొంతు మామూలుగానే వచ్చింది, నేలమాళిగలో నాకు పుస్తకం తెరిచి చూపించినప్పటి గొంతు.

"ఈ తొమ్మిదేళ్ళలో కోయ్ మలిన్స్ నన్ను పెళ్ళి చేసుకోమని రెండుసార్లు అడిగాడు డ్రీమా. ఒకసారి చర్చి మెట్ల మీద, ఒకసారి నా వంటింట్లో. నాకూ ఇష్టమే. ఇవాళో రేపో మతిపోయే మనిషిని, కట్టుకున్నందుకు నన్ను కడిగి తుడవాల్సొస్తుంది పాపం అని వద్దన్నా. రెండుసార్లూ వద్దన్నా. ఎందుకో కూడా చెప్పలేదు. పోయిన నవంబర్లో పోయాడు." కోటు పట్టుకున్న మనవరాలి చెయ్యి విడిపించుకుంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు. నువ్వు మేనేజర్‌వి కదా."